ఎండకు పెట్టిన బిందె

మొన్న మా మనవరాలు చేపల తొట్టి కొనుక్కొచ్చి, దాంతోపాటు వచ్చిన చిన్న సీసా నా ముందు ఊపుతూ, కొళాయి నీళ్ళలో ఈ చుక్కలు వేయకపోతే చేపలు బతకవని అంగడివాడు చెప్పాడంటూ నాకు పాఠం మొదలుపెట్టింది. ఎనభై తొమ్మిదేళ్ళదాన్ని, ఆ సంగతి ఏ అంగడివాడూ చెప్పకుండానే పదేళ్ళప్పుడు తెలుసుకున్నదాన్ని, ఊరుకుంటానా!

మా నాయనకు చిక్కపేటలో చీరల అంగడి, దాని వెనకే ఇల్లు. అంగడికి తెలిసిన దొర ఒకరు తన దేశానికి వెళ్ళిపోతూ గాజు తొట్టినీ ఆరు ఎర్రచేపలనూ నాయనకు ఇచ్చిపోయారు. చేపల బాగోగులు నావి, ఇంటి శుభ్రం మా మేనత్తది. ఆవిడ మడి ముందు దొరగారి చేపలైనా తలవంచాల్సిందే. ప్రతి శుక్రవారం తొట్టి ఖాళీ చేసి, కుంకుడు నురుగుతో కడిగి, అప్పుడే పట్టిన కొళాయి నీళ్ళు నిండా పోసేది. ఆదివారానికల్లా ఒక చేప తేలేది. మూడు పోయేసరికి నా చేతిలో చలవ లేదన్నారు. మిగిలినవీ పోతే తొట్టిలో రవికె గుడ్డలు సర్దుకుంటానని నాయన తేల్చేశాడు.

నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. మా పెరట్లో బట్టలుతికే నీళ్ళకు రాతితొట్టి ఉండేది, దోమలు పెరగకుండా అందులో వదిలిన చేపలు ఏళ్ళ తరబడి హాయిగా తిరిగేవి. ఆ నీళ్ళను ఎవరూ మొత్తం పారబోసేవారు కాదు, తగ్గినంత పోసేవారు, అంతే. పైగా అప్పుడే పట్టిన కొళాయి నీళ్ళకు ముక్కుకు కొట్టే మందు వాసన, ఒక పగలంతా ఎండలో ఉంచిన బిందెలో ఆ వాసన ఉండేది కాదు. అదంతా కలిపి ఆలోచించుకుని, ఆ శుక్రవారం మేనత్త కుంకుడురసం పట్టుకొచ్చేసరికి తొట్టికి అడ్డంగా నిలబడ్డాను.

“పాచినీళ్ళు ఇంట్లో పెట్టుకుంటే లక్ష్మి యాడ నిలుస్తాదమ్మీ? తప్పుకో,” అంది.

“ముట్టొద్దత్తా. ఇంకొక చేప చచ్చిందంటే తొట్టి నేనే నాయనకిచ్చేస్తా.”

వీపు మీద రెండు పడ్డాయి. కదల్లేదు. మూడోవంతు నీళ్ళు మాత్రం తోడేసి, ముందురోజు ఎండకు పెట్టిన నీళ్ళు పోశాను. మెతుకులు విసిరే అలవాటున్న మా అమ్మనూ వదల్లేదు, తినగా మిగిలినవి కుళ్ళుతాయని ఆవిడతోనూ పోట్లాడాను. ఆదివారం తొట్టి దగ్గరే కూర్చుని అన్నం తిన్నాను. ఏదీ తేలలేదు. ఆ తర్వాతి ఆదివారమూ తేలలేదు.

మేనత్త తప్పు ఒప్పుకునే మనిషి కాదు. కానీ నెల తిరిగాక ఒక గురువారం నేను బడి నుంచి వచ్చేసరికి పెరట్లో ఎండకు నీళ్ళబిందె కనిపించింది, దుమ్ము పడకుండా పైన ఆవిడ మడిబట్ట కప్పి.

ఇప్పుడా పెరడు లేదు, తిట్టడానికి మేనత్తా లేదు. చుట్టూ అంతస్తులు లేచి మా బాల్కనీలో మధ్యాహ్నం ఒక్క గంట ఎండ పడితే గొప్ప. మనవరాలి సీసా పనిచేస్తుందేమో, నేను కాదనను. అయినా ఆ గంట ఎండలో నా బకెట్టు పెట్టి, నా పాత చీర ముక్క కప్పి, ఎవరూ ముట్టుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పేశాను.