ఇరవై ఒక్క పుంజాల్లో ఒక్క పోగు

నా చిన్నప్పుడు, నిజాం ఏలుబడి పోయిన కొన్నేళ్లకు, మెట్‌పల్లిలో మాది చేనేత ఇల్లు. మగ్గం మీద పాత పడుగు అయిపోగానే దాని చివరి పోగులకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి. దాన్ని అచ్చు అతకడం అంటాం. వేళ్లకు బూడిద అద్దుకుని గంటల తరబడి కూర్చుని చేసే పని. మా ఇంట్లో ఆ పని మా మేనత్తది. ఆమె ఏనాడూ పలక పట్టలేదు.

ఆ రోజు పడుగు ఇరవై ఒక్క పుంజాలది. పుంజానికి నూట ఇరవై పోగులు. అంటే మొత్తం రెండువేల ఐదువందల ఇరవై. ఆఖరి పుంజం నాకు అప్పగించి అత్త పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఎన్నాళ్లో బతిమాలితే దొరికిన పని అది. తీరా చివరికి వచ్చేసరికి కొత్త పోగు ఒకటి మిగిలింది. ఎక్కడో ఒక పాత పోగును దాటేశానన్నమాట. అలాగే నేస్తే బట్ట పొడవునా సందు పడుతుంది, బాపు నెల కష్టం బుగ్గిపాలవుతుంది. అదంతా తెలుసు. అయినా మళ్లీ నన్ను పనికి కూర్చోనివ్వరేమోనన్న భయంతో, మిగిలిన పోగు కొసను తుంచి జడలో దూర్చాను. ఎంత తెలివి!

అత్త వచ్చి అతుకుల మీద ఒకసారి చెయ్యి నిమిరింది.

“మంచిగ జేసినవ్ బిడ్డా. ఇగ మొత్తం అతుకులు ఏడేడు లెక్కవెట్టు. ఏమన్న మిగిల్తె చెప్పు.”

ఆరు మిగిలాయి. లెక్క తప్పానన్నాను. “అట్లనా? ఎన్మిదెన్మిది పెట్టు” అంది. ఏడు మిగిలాయి. తొమ్మిదేసి లెక్కపెడితే ఎనిమిది, పదేసి పెడితే తొమ్మిది. అప్పటికి పొద్దు వాలింది, నా కళ్లు మండుతున్నాయి. ఎలా లెక్కపెట్టినా ఆ ఒక్కటే తగ్గుతోంది.

“గీ లెక్క గమ్మతిది. ఒకటి కాంచి పది దాక దేనితోని పంచినా ఏం మిగలది. మా అవ్వ చెప్పింది. గందుకే ఒక్కటి పోయినా అన్నిట్ల దొరుకుతది” అంది అత్త, నా వైపు చూడకుండానే.

నాకు ఏడుపు ఆగలేదు. జడలోంచి పోగు తీసి ఆమె చేతిలో పెట్టాను.

“అప్పటి సంది నీ జడల ఏలాడుతనే ఉన్నది” అని నవ్వింది.

“మరి అప్పుడే ఎందుకు అనలే అత్తా?”

“నేనంటె నువ్వు లేదంటుంటివి.”

దాటేసిన పోగును వెతికి ఇద్దరం కలిసి అతికాం. బాపుకు ఆ సంగతి ఎప్పటికీ తెలియలేదు. మరుసటి పడుగుకు కూడా ఆఖరి పుంజం అత్త నాకే ఇచ్చింది.

పెద్దయ్యాక లెక్కల పంతులమ్మనయ్యాను. ఒకటి నుంచి పది దాకా అన్నిటితోనూ శేషం లేకుండా భాగించగలిగే సంఖ్యల్లో అతి చిన్నది ఆ రెండువేల ఐదువందల ఇరవయ్యేనని ఒక పుస్తకంలో చదివినప్పుడు, అందులో మా అత్త ఊసే లేదని నిజంగా కోపం వచ్చింది. ఇప్పటికీ మా మనవరాలు ఏదైనా దాచిందని తెలిసిపోయినా నోరు మెదపను. ఇంకో రకంగా లెక్కపెట్టి చూడమంటాను. జడలోంచి పోగు తనే తీసి ఇచ్చేదాకా పక్కనే కూర్చుంటాను.