మోటారుకు తొమ్మిది రోజుల మెరుగు

మా ముత్తాతను చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్ళ వాళ్ళు గుర్రాల దొర అనేవారు. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు మా బురుజులు పడగొట్టించి చేతిలో పింఛను పెట్టినా, ఆయన గుర్రం దిగి ఎవరికీ నమస్కారం చేయలేదని ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళం (గుర్రం మీద ఉండి ఎంతమందికి చేశాడో మాత్రం ఎవరూ చెప్పలేదు). మా తాత పల్లకి దొర. మా నాయన మోటారు దొర. ఈ చుట్టుపక్కల మోటారును చూసి ఎద్దులు బెదిరే కాలంలో ఆయన మద్రాసు నుంచి నల్లటి మోటారు తెప్పించాడు. ఆయన పోయేనాటికి భూములు చాలామటుకు చేతులు మారాయి. నాకు జనం ఏ పేరూ పెట్టలేదు. ఆ రోజుల్లో, అంటే రెండో యుద్ధం ఇంకా మొదలుకాని రోజుల్లో, ఇరవై ఏళ్ళ వాడికి ఎంత తక్కువ ఉంటే అంత ఎక్కువ తల ఎత్తుకోవాలనిపించేది. నాకు మిగిలినవి ఆ మోటారు, మా అవ్వ, శ్రీరామనవమి నాడు కొండగుడి కల్యాణానికి మా ఇంటి నుంచి దేవుడి పట్టుబట్టలు తీసుకుపోయే హక్కు. ముత్తాత గుర్రం మీద తీసుకుపోయాడు, తాత పల్లకిలో, నాయన మోటారులో. ఆ హక్కు కూడా పోతే ఊళ్ళో మేము అందరిలాంటి వాళ్ళమే. ఆ మాట తలచుకుంటేనే నాకు అన్నం సహించేది కాదు.

ఆ సంవత్సరం ఉగాది నాడు చావడిలో పంచాంగం వింటుండగా, స్టేషను రోడ్డులో కొత్తగా శనక్కాయ నూనె మిల్లు పెట్టిన ఆసామి లేచి నిలబడ్డాడు. ఆయనకు అప్పటికి రెండు నెలల క్రితమే కొత్త మోటారు వచ్చింది. “దొరా, తప్పుగా అనుకోవాకండి. మీ మోటారు చూస్తాంటే బొగ్గులు మోసే బండి మాదిరి ఉండాది. దేవుని బట్టలు దాంట్లో యాడ పెడతారు? ఈ తూరికి నా మోటారులో పోనీండి” అన్నాడు. చావడి మొత్తం నా వైపు తిరిగింది. నిజం చెప్పాలంటే ఆయన అబద్ధమాడలేదు. నాయన పోయినప్పటి నుంచి మోటారు గొడ్ల కొట్టంలో ఉంది. ఇంజను తిప్పితే తిరిగేది కానీ, పైకప్పు మీద కోళ్ళు పడుకునేవి. నల్లటి రంగు మాడిన మూకుడు అడుగులా తయారైంది. అయినా నేను లేచి, “మా మోటారు మెరుగు మీకు నవమి నాడు కనపడుతుంది” అన్నాను. పెద్దలు కాసేపు అటూ ఇటూ వాదించారు. చివరికి కొండగుడి పూజారి తేల్చాడు: “నవమి పొద్దున రెండు బండ్లూ చావడి ముందర పెట్టండి. దేవుని బట్టలకు ఏది తగినట్టు ఉంటే దాంట్లో పెడతాం.”

నాకున్నది ఎనిమిది రోజులు, నవమితో కలిపితే తొమ్మిది. ఇంటికి పోయి కొత్త నోటుపుస్తకం తీసి, మొదటి పేజీలో ‘మోటారుకు వసంత సేవ’ అని రాసి, కింద రెండు గీతలు గీశాను. ఏ రోజు కడగాలి, ఏ రోజు రుద్దాలి, ఏ రోజు మైనం పట్టించాలి, అన్నీ గడులు గీసి రాశాను. ఒక్కటి మాత్రం రాయలేదు, ఎవరు చేయాలని. మా వంశంలో ఎవరూ గుడ్డ పట్టుకుని ఏదీ తుడిచి ఎరుగరు. కూలికి పెడదామంటే ఊరంతా తెలుస్తుంది. కాబట్టి కొట్టం వాకిలికి పాత జంపఖానా అడ్డం కట్టి నేనే దిగాను (దారిన పోయేవాళ్ళు అడిగితే లోపల కసరత్తు చేస్తున్నానని చెప్పమని అవ్వకు చెప్పాను). మొదటి రోజు కడగడం బాగానే జరిగింది. రెండో రోజు మెరుగు. మెరుగంటే నాకు తెలిసింది ఇంట్లో ఇత్తడి బిందెలు తోమడం ఒక్కటే. చింతపండు నానబెట్టి, ఇటుకపొడి కలిపి, డ్రైవరు పక్క తలుపు మీద పెట్టి బలం కొద్దీ తోమాను. నీళ్ళు పోసి చూస్తే తలుపు నిండా విభూతి పూసినట్టు తెల్లగా అయింది. ఇంకా తోమాను. ఇంకా తెల్లబడింది.

అవ్వ జంపఖానా ఎత్తి చూసి, “చారులోకి చింతపండు లేదని నేను ఎతుకులాడుతాంటే, మోటారుకు పోసినావా నాయనా? దానికేమన్నా అన్నం పెడతాండావా?” అంది. నాకు ఏడుపు వచ్చింది. దొరలు ఏడవరు కాబట్టి ఇటుకపొడి కళ్ళల్లో పడిందన్నాను.

ఆ చుట్టుపక్కల మెరుగు పెట్టడం తెలిసినవాడు ఒకే ఒకడు ఉన్నాడు. బేతంచెర్ల నుంచి వచ్చిన ముసలాయన. ఆయనను అందరూ నునుపుల సాయబు అనేవారు. నాపరాళ్ళను అద్దంలా నునుపు చేసి పరిచేవాడు. వచ్చిన చిక్కల్లా, ఆయన అప్పుడు పని చేస్తున్నది మిల్లు ఆసామి కొత్త ఇంట్లో. నా ప్రాణానికి అంతకంటే దూరమైన ఇల్లు ఆ జిల్లాలో లేదు. మూడు సార్లు ఆ వీధి చివరి దాకా పోయి తిరిగి వచ్చాను. నాలుగోసారి ఆసామి భోంచేసి నిద్రపోయే వేళ చూసి, పెరటి గుండా లోపలికి పోయాను (గుర్రాల దొర మునిమనవడు పెరటి వాకిలిన దూరడం అదే మొదలు). సాయబు మోకాళ్ళ మీద కూర్చుని బండ రుద్దుతున్నాడు.

“నీ రాయి యాడుండాదప్పా?” అన్నాడు తల ఎత్తకుండా.

“రాయి కాదు, మోటారు.”

సాయబు చేయి ఆగింది. “నేను రుద్దని వస్తువు అదొక్కటే. పద చూద్దాం.”

కొట్టంలో ఆయన తలుపు మీద తడి వేలు పెట్టి, కళ్ళు మూసుకుని, నాడి చూసే వైద్యుడిలా కాసేపు నిలబడ్డాడు. “పైన చచ్చిన తోలు ఉండాది. కింద రంగు బతికే ఉండాదప్పా. దాన్ని గీరి లేపగూడదు, బతిమాలి లేపల్ల.” తన సంచిలోంచి ఒక మూట తీశాడు. బండలు రుద్దేటప్పుడు నీళ్ళలో దిగే రాతిపిండి. ఆరబెట్టి, మూడుసార్లు పలచటి గుడ్డలో జల్లించి ఉంచుకున్నాడు. పట్టుకుంటే పాల మీగడ కంటే మెత్తగా ఉంది. “ఎన్ని దినాలు రుద్దల్ల?” అన్నాను. “నువ్వు రుద్దినన్ని దినాలు. నేను చూపిస్తా, చెయ్యి నీది” అన్నాడు.

నేను గుడ్డ పట్టుకోగానే ఆపాడు. “ఆ ఉంగరం తియ్యి.”

“ఇది మా ముత్తాతది. ఇంతవరకు ఎవరూ వేలి నుంచి తీయలేదు.”

“ఈడ చూడు, నీ ముత్తాత ఎంత పొడుగు గీకినాడో” అని తలుపు మీద వంకర గీత ఒకటి చూపించాడు. ఉంగరం తీసి గూట్లో పెట్టాను.

ఆ తరువాతి అయిదు రోజులంత వంగిన రోజులు నా జీవితంలో మళ్ళీ రాలేదు. బండి మొత్తం తడిపి రుద్దడం, కడగడం, మళ్ళీ తడపడం. చేత్తో కాదు, భుజంతో రుద్దాలట. గుండ్రంగా కాదు, నిలువుగా రుద్దాలట. “అరే, బండ మీద కోపం చూపించినట్టు చూపిస్తాండావే. దొరలకు మెత్తన రాదా?” అని సాయబు రోజూ మధ్యాహ్నం వచ్చి తిట్టి పోయేవాడు. మూడో రోజుకు తెల్లదనం పోయింది. నాలుగో రోజు తలుపులో కొట్టం వాకిలి కనబడింది. అయిదో రోజు వాకిట్లో ఉన్న మేక కనబడింది, కొమ్ములతో సహా. సాయబు అప్పుడు కూడా తల అడ్డంగా ఊపాడు. “ఎండలో నిలబడి చూస్తే నీ మీసంలో వెంట్రుకలు లెక్కబెట్టేటట్టు ఉండల్ల” అన్నాడు (అప్పట్లో ఆ లెక్కకు ఎక్కువసేపు పట్టేది కాదు). ఆఖరికి తేనెమైనం టర్పెంటైనులో కరిగించి పట్టించాం. “ఆరినాక పొడిగుడ్డతో తుడువు. తడి, జిడ్డు ఒక చుక్క మిగలగూడదు. మిగిలితే దోవలో దుమ్మంతా దాని మిందనే కూచుంటాది” అన్నాడు.

మెత్తటి గుడ్డ కోసం ఇల్లంతా వెతికాను. అవ్వ తన పెట్టె తెరిచి తాతగారి మఖమలు అంగీ తీసి, కత్తెర పెట్టి వెన్ను మీద చీల్చేసింది. నేను వద్దనేలోగా, “మీ తాత ఇది ఏసుకొని పల్లకిలో తిరిగినాడు. ఇప్పుడు మోటారు మింద తిరగనీ” అంది.

నవమి పొద్దున నేను మోటారును చావడి ముందుకు తెచ్చి నిలబెట్టాను. ఊరి వాళ్ళు చుట్టూ మూగారు. ఒక ముసలామె మోటారు దగ్గరికి వచ్చి తన మొహం చూసుకుని, “ఇంత ముసిల్దాన్నయినానా!” అని వెనక్కి పోయింది. అప్పుడు స్టేషను రోడ్డు వైపు నుంచి హారను వినిపించింది. మిల్లు ఆసామి వస్తున్నాడు. తన మోటారు నాదానికంటే పదింతలు మెరవాలని, ఆయన తెల్లవారుజామున మిల్లులోనే తాజా నూనె ఆడించి బండికి ముందూ వెనకా పట్టించాడట. బయలుదేరినప్పుడు బంగారంలా ఉందట. కానీ మిల్లు నుంచి చావడికి రెండు మైళ్ళ ఎర్రమట్టి దారి. వచ్చి ఆగిన వస్తువును మోటారని పోల్చుకోవడానికి మాకు కొంచెం సేపు పట్టింది. చక్రాల నుంచి పైకప్పు దాకా ఒకే ఎరుపు.

“ఏమప్పా ఆసామీ, పిండి అద్దుకొని వచ్చినావే, బజ్జీ ఏస్తావా?” అని జనంలోంచి ఎవరో అరిచారు. చావడి అరుగులు అదిరేలా నవ్వారు. ఆసామి పంచె కొంగుతో తుడవబోతే, నూనెలో మట్టి కలిసి ముద్దగా తేలింది.

“నువ్వు ఆయనకు చెప్పలేదా?” అని సాయబును మెల్లగా అడిగాను.

“చెప్తి. ‘మిల్లు నాది, నూనె నాది, నువ్వెవరు చెప్పనీకి’ అన్నాడు. నేను బండలు పరిచేటోన్ని కదా, గమ్మునైతి.”

మా మోటారు మీద కూడా దుమ్ము పడింది. అబద్ధం చెప్పను. మఖమలు గుడ్డ ఒక్కసారి విదిలిస్తే ఎగిరిపోయింది. పూజారి రెండు బండ్ల చుట్టూ తిరిగి వచ్చి, మా తలుపు ముందు వంగాడు. చెమటకు కారిన నామాన్ని ఆ తలుపులో చూసుకుంటూ చిటికెన వేలితో సరిదిద్దుకున్నాడు. తరువాత నడుం నిటారు చేసి, “బట్టలు ఇటు తెండప్పా” అన్నాడు. మేళం మొదలైంది. దేవుడి బట్టలు వెనక సీటులో, నునుపుల సాయబు నా పక్కన ముందు సీటులో. మా వంశం వాళ్ళు తప్ప ఎవరూ కూర్చోని సీటది. కొండ దాకా ఆయన దేవుడి బట్టల వైపు ఒక్కసారి కూడా చూడలేదు, బానెట్ మీద ఎండ ఎలా పడుతోందో అదే చూశాడు.

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు స్టీరింగు ముందు, తల కప్పుకు తగిలేంత నిటారుగా కూర్చున్న ఆ కుర్రవాడు, గెలిచింది తన వంశం అనుకున్నాడు. గెలిచింది వాడి భుజాలు, ఒక మూటెడు రాతిపిండి. ఆ సంగతి వాడికి ఎవరైనా అప్పుడు చెబితే కొట్టడానికి వచ్చేవాడు. ఆ తరువాత నాలుగేళ్ళు ఉగాది రాగానే నేనే గుడ్డ పట్టుకున్నాను, జంపఖానా కట్టకుండా. యుద్ధంలో పెట్రోలు దొరకడం మానేశాక మోటారును ఆదోని పత్తి వ్యాపారికి అమ్మేశాం. కొట్టం, దాని వెనక ఉన్న ఆరెకరాల చేను అదే నెలలో అమ్మాం.