అక్క ఏరుకున్న నక్షత్రం

ఆ వీధిలో ఆమెను అందరూ పాతబంగారం అని పిలుస్తారు. ఆమె దగ్గర చెప్పుకోదగ్గ బంగారమేమీ లేదు. ఉన్నదల్లా కొత్తదాన్ని పాతదిగా చేయగల చేయి. నవంబరు రాగానే వంటింటి బల్ల మీది గిన్నెలన్నీ కిందికి దిగిపోతాయి. వాటి స్థానంలో చెప్పుల డబ్బాల అట్టలు, థర్మోకోల్ బంతులు, తెగిన గొలుసుల పూసలు, రిబ్బను ముక్కలు, టీ పొట్లాల లోపలుండే వెండికాగితం ఎక్కి కూర్చుంటాయి. అన్నీ ఇంట్లో పారేసేవో, ఫ్యాన్సీ షాపులో చిల్లరకు దొరికేవో. క్రిస్మస్ చెట్టుకు, కిటికీలకు కట్టే అలంకారాలను ఆమె వాటితోనే చేస్తుంది: నక్షత్రాలు, గంటలు, దూది మంచు కప్పుకున్న చిన్న చిన్న ఇళ్ళు. చూసినవాళ్ళు మాత్రం ఎవరి తాతల కాలం నాటివో అనుకుంటారు.

మెరిపించడం ఎవరికైనా వచ్చు. మెరుపు తగ్గించడమే ఆమె విద్య. చిక్కటి టీ నీళ్ళను కుంచెతో పూసి ఆరబెడుతుంది. అంచులను గరుకు కాగితంతో రుద్ది, ఎన్నో చేతులు పట్టుకుని వదిలినట్టు అరగదీస్తుంది. కొవ్వొత్తి పొగను దూరం నుంచే చూపిస్తుంది. ముఖానికి రాసుకునే పౌడరులో చిటికెడు బూడిద కలిపి మడతల్లోకి ఊదుతుంది. అమ్మేటప్పుడు మాత్రం, "ఇది మొన్న చేసిందే సుమండీ" అని ముందే చెబుతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. అంత నిజాయితీగా చెప్పేవాళ్ళు ఇంకేదో దాస్తూ ఉండాలని లోకానికి గట్టి నమ్మకం.

"ఎక్కడో పాత బంగళా సామాను చవగ్గా పట్టేసింది, ఆ సంగతి బయటపడకుండా ఈ టీ నీళ్ళ కథ చెబుతోంది" అని కొందరు. "నిజం చెప్పు పాతబంగారం, నీ పెళ్ళిఫోటో అయినా నిజంగా పాతదేనా?" అని మందుల దుకాణం ఆవిడ. లిఫ్టులు బాగుచేసే భర్త కూడా తక్కువ తినలేదు: "నా నెత్తికి టీ నీళ్ళు పూయకు. నా అంతట నేనే పాతబడుతున్నాను."

ఈ మాటలకు ఆమె నవ్వేసేది. మనసులో దిగబడిపోయిన అనుమానం ఒక్కటే. అది సొంత అక్కది.

వాళ్ళ అమ్మ కిటికీకి ఏటా కట్టే నక్షత్రం ఒకటుండేది. రెండు అట్ట నక్షత్రాలను మధ్యలో ఉబ్బేలా మడిచి, ముందొకటి వెనకొకటి పెట్టి, అంచులు అతికించి, పైన వెండికాగితం తొడిగినది. అమ్మ చేతి పని. చిన్నప్పుడు అక్క దాని మీద కూర్చోవడం వల్ల ఒక కొన కొద్దిగా వంగింది. అమ్మ పోయాక ఆ ఇంటి సామాను పంచుకునేటప్పుడు ఇద్దరూ దేనికీ పేచీ పెట్టలేదు. నక్షత్రం దగ్గర మాత్రం ఇద్దరూ నోరు మెదపలేదు. ఆ మౌనాన్ని భరించలేక చెల్లెలే ఒక దారి చెప్పింది. "సరిగ్గా ఇలాంటిదే ఇంకొకటి చేస్తాను. రెండూ నీ ముందు పెడతాను. ఏది ఏదో నేను చెప్పను, నువ్వు అడగొద్దు. ముందు నువ్వే ఏరుకో." ఒకరు పంచాలి, ఇంకొకరు ఏరుకోవాలి. ఇంతకన్నా న్యాయమైన పంపకం లేదని ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది. వంగిన కొనతో సహా అచ్చు దించింది. రెండూ బల్ల మీద పెట్టింది. అక్క ఒకటి తీసుకుంది.

అది అమ్మదే.

పాతబంగారానికి ఏడుపు తన్నుకొచ్చింది. అది ముఖంలోకి పొంగుకొచ్చేలోపే గబుక్కున నవ్వేసింది. ఆ నవ్వును అక్క చూసింది. అక్కది రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం.

ఆ తర్వాత అక్క రాకపోకలు తగ్గాయి. ఫోనులో మాట పొడిబారింది. క్రిస్మస్‌కు, "నీ కిటికీకి నక్షత్రం కట్టావా?" అని అడిగేది. ఆ "నీ" అనే మాటను కాస్త నొక్కి పలికేది. పేరుపెట్టి నింద వేస్తే జవాబు చెప్పుకోవచ్చు. వేయని నిందకు జవాబెక్కడ? అనుమానం ఎప్పుడూ ఇంతే. అభియోగం చదవదు, విచారణ జరపదు, శిక్ష మాత్రం ఏటా అమలు చేస్తుంది.

నాలుగేళ్ళ తర్వాత, డిసెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు మోగింది. ఆ మోతను బట్టే ఎవరో తెలిసిపోయింది. అక్క తలుపు తట్టదు. లోపల ఎవరో దాక్కున్నట్టు బాదుతుంది.

"రా అక్కా! చెప్పకుండా వచ్చావే?"

"చెప్పొస్తే అన్నీ సర్దేసుకుంటావుగా."

భర్త కుర్చీలోంచి లేచాడు. "రండి వదినా. నా టికెట్ జేబులోనే ఉంది, చూపించమంటారా?"

"మీ వేళాకోళం తర్వాత మరిదిగారూ. ముందు మీ ఆవిడ టికెట్ చూడాలి."

అక్క సంచిలోంచి అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టి మూత ఎత్తింది. లోపల నక్షత్రం. ఒక పక్క అతుకు ఊడి నోరు తెరిచింది. వెనక అట్టనిండా సూదిమొనంత బెజ్జాలు. పెట్టె అడుగున గోధుమరంగు పొడి రాలి ఉంది.

"అయ్యో, పురుగు పట్టిందే!"

"కదా? అమ్మ దగ్గర అన్నేళ్ళుంది, పట్టలేదు. నా దగ్గరికొచ్చిన నాలుగేళ్ళకే పట్టింది. ఎందుకంటావు?"

"ఎక్కడ పెట్టావు దీన్ని?"

"ఎక్కడ పెట్టానని కాదు, ఏది పెట్టానని అడుగు." అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ రోజు నేనిది చేతిలోకి తీసుకోగానే నవ్వావు. ఎందుకు నవ్వావు?"

ఇన్నేళ్ళకు అభియోగం చదవడం పూర్తయింది. పాతబంగారానికి భయంతోపాటు కాస్త ఊరట కూడా కలిగింది.

"ఏడుపొస్తుంటే ఆపుకోడానికి నవ్వానక్కా. నువ్వు తీసుకున్నది అమ్మదే."

"ఈ మాట నాకు చాలామంది చెప్పారు. నా సర్వీసంతా చూశానే! టికెట్ ఉన్నవాడు విసుక్కుంటాడు, జేబులు తడుముకుంటాడు, కనపడక కంగారుపడతాడు. లేనివాడే నన్ను చూసి తీయగా నవ్వుతాడు."

"నేను రైలెక్కలేదు, మనింట్లో నిలబడ్డాను!"

"అరవకు. అరిచేవాళ్ళనీ చూశాను."

పాతబంగారం నక్షత్రాన్ని జాగ్రత్తగా తిప్పి, ఊడిన అతుకులోకి చూసింది. ఎండిన జిగురు తెల్లగా, అక్కడక్కడ కొరికేసినట్టు ఉంది. ఆమెకు విషయం అర్థమైంది.

"అక్కా, అమ్మ మైదాపిండి జిగురు కాచేది, గుర్తుందా? అందులో ఏం కలిపేది?"

"ఏం కలుపుతుంది, నీళ్ళు."

"మనం గిన్నె నాకేసేవాళ్ళం."

"మనం కాదు, నువ్వు నాకేదానివి."

"సరే, నేనే. అందుకే అమ్మ అందులో మైలతుత్తం వేసేది కాదు. పిల్లలు నాకితే విషం కదా. నాకు పిల్లలా జెల్లలా, నేనెప్పుడూ వేస్తాను." అలమరలోంచి చిన్న సీసా తీసి చూపించింది. అందులో నీలంరంగు పలుకులు. "ఇది చిటికెడు పడితే చాలు, పురుగు ఆ జిగురు జోలికి రాదు. పురుగు తిన్నదే అమ్మది."

"బాగుంది. పురుగా నీకు సాక్షి?"

"నీకన్నా నయం. అనుమానపడుతూ కూర్చోలేదు, రుచి చూసి తేల్చుకుంది."

భర్త దగ్గు వచ్చినట్టు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. అక్క అతని వైపు ఒక చూపు చూసేసరికి ఆ దగ్గు తగ్గిపోయింది.

"అయితే నీది విప్పి చూపించు" అంది అక్క. "తుత్తం వేస్తే లోపల నీలంగా ఉండాలిగా? ఉంటే నేను నోరు మూసుకుంటాను."

కిటికీకి వేలాడుతున్న నక్షత్రం మీదికి ముగ్గురి చూపూ ఒకేసారి పోయింది. అది నకలు అని పాతబంగారానికి తెలుసు. అయినా నాలుగేళ్ళుగా ఆమె దాని కిందే టీ తాగింది, దానితోనే మాట్లాడింది, దుమ్ము దులిపింది. అమ్మ లేనిచోట అమ్మ స్థానంలో వేలాడింది అదే. తప్పు చేయని మనిషి, తాను చేయలేదని నిరూపించుకోవడానికి తన సొత్తునే కోసుకోవాలా? నిందించినవాళ్ళ మీద ఉండాల్సిన బరువును నిందపడినవాళ్ళ నెత్తిన పెట్టడం ఏ న్యాయం? ఏ చట్టమూ చదవకుండానే ఆమెకు ఆ అన్యాయం ఒంటికి తగిలింది.

అంతకన్నా చెడ్డ ఆలోచన ఇంకొకటి మెల్లగా తల ఎత్తింది. ఆ నకలు అమ్మ పోయిన వారాల్లో చేసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు సరిగా కనిపించని రోజులవి. అమ్మ చేసినట్టే చేయాలని పట్టుపట్టి, జిగురు కూడా అమ్మలాగే తుత్తం లేకుండా కాచిందేమో? బల్ల మీద పెట్టేటప్పుడు తనే తారుమారు చేసుకుందేమో? అక్క అనుమానం నిజమై ఉండి, తన జ్ఞాపకమే దొంగసాక్ష్యం చెబుతోందేమో? అనుమానం అంటుజబ్బు, ఇంత దగ్గరగా కూర్చుంటే సోకకుండా ఉండదు.

"వద్దులే, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు భర్త మెల్లగా.

"వద్దంటే అక్క వెళ్ళిపోతుంది. మళ్ళీ రాదు" అంది పాతబంగారం. కుర్చీ ఎక్కి నక్షత్రాన్ని దించింది. అట్టలు కోసే బ్లేడును అతుకులోకి దించి, ఒక్కో కొన చుట్టూ తిప్పుకుంటూ వచ్చింది. వెండికాగితం చిరిగినప్పుడల్లా అక్క రెప్ప ఆడింది. నోరు మాత్రం ఆపమనలేదు. చివరి కొన దగ్గర రెండు భాగాలూ విడిపోయాయి.

అంచు పొడుగునా పలచటి నీలి గీత. ఆకుపచ్చకు తిరిగిన నీలం.

అక్క కళ్ళజోడు పెట్టుకుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకు పట్టింది. గోరుతో గీకింది. వాసన చూసింది. "ఈ రంగు ఈమధ్య వేసి ఉండొచ్చుగా?"

"వదినా," అన్నాడు భర్త, "మూసి ఉన్నదాని లోపలికి వెళ్ళి రంగు వేసొచ్చే విద్యే ఉంటే ఈమె ఈ వంటింట్లో ఎందుకుంటుంది?"

అక్క కుర్చీ వెతుక్కుంటున్నట్టు చేయి చాపి కూర్చుంది. కళ్ళజోడు తీసి అంది: "అయితే అమ్మది నా దగ్గరే ఉంది."

"మొదటినుంచీ."

"నకిలీదనుకుని అటక మీద పడేశానే. ఒక్కసారి కూడా కిటికీకి కట్టలేదు. పాత బూట్ల పక్కన..." మాట తెగిపోయింది. మరుక్షణం కోపం తెచ్చుకుంది. "నోరు విప్పి ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"చెప్పకూడదనేగా ఒప్పందం."

"ఏం ఒప్పందమే! పురుగు తినేసింది అమ్మని, నీ ఒప్పందాన్ని కాదు."

తిట్టేది అక్క చెల్లెల్ని కాదని ఇద్దరికీ తెలుసు. పాతబంగారం పొయ్యి మీద మైదా జిగురు పెట్టింది.

అమ్మ నక్షత్రాన్ని కూడా పూర్తిగా విప్పారు. ముందు భాగం దాదాపు చెక్కుచెదరలేదు. వెనక భాగమే జల్లెడైంది. ఆ వెనక భాగాన్ని తిరగేసినప్పుడు కనిపించింది: వంగిన కొన లోపల, గట్టిపడిన జిగురులో, ఒక బొటనవేలి ముద్ర. గీతలతో సహా. అట్ట అతుక్కునేదాకా అమ్మ అక్కడ అదిమి పట్టుకుని ఉంటుంది. చుట్టూ అంతా తిన్న పురుగు దాన్ని వదిలేసింది. అక్క తన బొటనవేలిని దాని దాకా తీసుకెళ్ళి, తాకించకుండా వెనక్కి తీసుకుంది.

వెనక భాగం కొత్త అట్ట ఆసరా లేకుండా ఇక నిలవదు. అందుకే అమ్మ ముందు భాగానికి నకలు వెనక భాగాన్ని అతికించారు. అమ్మ వెనక భాగానికి లోపల అట్టముక్కలు పెట్టి, వేలిముద్రను మాత్రం కప్పకుండా వదిలి, నకలు ముందు భాగాన్ని తొడిగారు. జిగురు కలిపింది అక్కే. తుత్తం పలుకులు వేస్తూ, "ఈసారి నాకకు" అంది. అంచుల చుట్టూ బట్టల క్లిప్పులు పెట్టి రెండిటినీ బల్ల మీద ఆరబెట్టారు. ఒకదానికి అందరికీ కనిపించే అమ్మ ముఖం ఉంది. ఇంకొకదానిలో ఎవరికీ కనిపించని అమ్మ వేలు ఉంది.

"ఎవరికి ఏది?" అడిగింది పాతబంగారం.

"చేసినదానివి నువ్వు, ఏరుకునేది..." అక్క ఆగింది. "వద్దు. ఈసారి నువ్వే ముందు. నేనేమీ అనను."

పాతబంగారానికి వేలే కావాలి. అడిగిన క్షణంలోనే తెలిసింది. కానీ చేయి చాపుతూ చాపుతూ ఆమె నక్షత్రాల వైపు చూడలేదు. అక్క ముఖంలోకి చూసింది. ఎటు చాపితే ఆ ముఖం మారుతుందోనని. తాను తయారుచేసిన అంత గొప్ప పంపకంలో లొసుగు ఎక్కడుందో ఇన్నాళ్ళకు తెలిసింది: ఏరుకునే మనిషికి వస్తువు కనపడదు, ఎదుటి మనిషి ముఖమే కనపడుతుంది.

ఆమె వేళ్ళు వేలిముద్ర ఉన్న నక్షత్రాన్ని తాకాయి. అక్క నవ్వింది.

చేయి అక్కడే ఆగింది. "ఎందుకు నవ్వావు?"

"నవ్వకూడదా?"

"నీకిదే కావాలా? చెప్పక్కా."

"తీసుకోవే ముందు. ఆరకముందే అరగదీసేలా ఉన్నావు."

తీసుకుంది. అతుకులు ఆరాక అక్క రెండోదాన్ని మెత్తని గుడ్డలో చుట్టి, అట్టపెట్టె అక్కడే వదిలేసి, చేత్తోనే పట్టుకుని బయల్దేరింది. గుమ్మం దగ్గర, "ఈ ఏడు కిటికీకి కడతాను. వచ్చి చూసుకో, అనుమానముంటే" అంది.

"వస్తాను. చెప్పకుండా వస్తాను."

మేడమీది కిటికీలోంచి చూస్తే, వీధి మలుపులో అక్క ఆగి, గుడ్డ కొంచెం తప్పించి, నక్షత్రాన్ని వెలుతురుకు పట్టి చూసుకుంటోంది.

"ఇంతకీ వదిన ఎందుకు నవ్వినట్టు?" అన్నాడు భర్త, క్లిప్పులు ఏరుతూ.

"ఆ రోజు నేనెందుకు నవ్వానో అందుకే" అంది పాతబంగారం. అంది గానీ, పూర్తిగా నమ్మలేదు. వచ్చే ఆదివారం అక్క ఇంటికి వెళ్ళి, ఆ కిటికీ కింద కూర్చుని, సూటిగా అడుగుతుంది. ఈసారి నాలుగేళ్ళు ఆగదు.