మామిడి ముక్కల డబ్బా మీద మా రాణి

మా చిన్నప్పుడు... ఓ వేసవి సెలవుల్లో, తాడేపల్లిగూడెంలో మా పెదనాన్నగారి షెడ్డు ముందు పట్టుపరికిణీ కట్టుకుని, ముఖానికి రెండోసారి పౌడరు రాసుకుని నిలబడ్డాను.

పెదనాన్నగారు కిరాణా కొట్టుతో పాటు, పంచదార పాకంలో మామిడి ముక్కలు వేసి డబ్బాల్లో అమ్మే వ్యాపారం కొత్తగా మొదలుపెట్టారు. డబ్బాకు చుట్టే కాగితం మీద పళ్ల బుట్ట పట్టుకున్న అమ్మాయి బొమ్మ ఉండాలని ఏలూరు నుంచి ఆర్టిస్టుని పిలిపించారు. ఆ అమ్మాయిని నేనే అనుకున్నాను... ఇంట్లో ఇంకో ఆడపిల్ల లేదు మరి!

సరిగ్గా ఆ పొద్దున్నే కొల్లేరు లంక నుంచి మా పిన్ని కూతురు రాణి దిగింది. నూనె కారే జడలు, ఒంటినిండా బస్సు దుమ్ము. ఆర్టిస్టు దాన్ని చూడగానే, "ఏవండీ, ఈ పాప నవ్వు భలే ఉందండీ. ఈ పాపనే వేస్తానండీ" అన్నాడు.

నేను పరికిణీ కుచ్చెళ్లు సర్దుకుంటూ పక్కకు జరిగాను.

కాసేపటికి రాణి చేతులు నొప్పెట్టి బుట్ట దించేసింది. ఆర్టిస్టు నా వైపు తిరిగి, "అమ్మాయిగారూ, బుట్ట మీరు పట్టుకుంటారా? చేతులు మీవి చూసి వేస్తానండీ" అన్నాడు. ఏడుపు దిగమింగుకుని పట్టుకున్నాను. నా ఎర్రగాజులతో సహా వేశాడు.

డబ్బాలు బజారుకొచ్చాయి... "అబ్బ, రాణి ఎంత బావుందో!" అనేవాళ్లే అందరూ. "ఆ చేతులు నావండీ" అంటే నవ్వేసేవారు.

ముక్కలు తినేశాక ఆ డబ్బాల్లో ఆవాలు, మెంతులు పోసుకునేవారు చుట్టాలు. కాగితం తడవకుండా పొడిగుడ్డతో తుడిచేవారు. ఎవరింటికి వెళ్లినా వంటింటి గూట్లోంచి రాణి నన్ను చూసి నవ్వేది! పెళ్లయి నల్లజర్లలో అత్తవారింట అడుగుపెడితే... అక్కడా మిరియాల డబ్బా మీద అదే.

"మా పిన్ని కూతురండీ" అన్నాను, ఉండబట్టలేక.

"అలాగా! మరి నీకా పోలిక రాలేదేంటమ్మా?" అన్నారు అత్తగారు.

ఆ రోజంతా అన్నం సయించలేదు.

పెదనాన్నగారి షెడ్డు ఎప్పుడో మూతపడింది. ఆ మిరియాల డబ్బా కూడా పోయినేడు తుప్పుపట్టి, అడుగు ఊడిపోయింది. సంతోషంగా పారేయాల్సింది... చేయి రాలేదు.

ఇప్పుడు ఏలూరు సూపర్‌మార్కెట్‌లో డబ్బాలన్నీ తళతళలాడుతున్నాయి. పళ్ల ఫొటోలే, మనిషి ముఖం ఒక్కటీ లేదు. ఎవర్ని చూసి కుళ్లుకోవాలండీ?

మీ వంటింటి గూట్లోంచి ఏ బొమ్మ నవ్వేది... కాస్త చెప్పరూ?