గ్రహణం నాడు కోసిన వంకాయ

మా చెల్లెలి బిడ్డకు పుట్టుకతోనే పై పెదవి, అంగిలి చీలి ఉన్నాయి. మన దగ్గర దాన్ని గ్రహణం మొర్రి అంటారు. తీర్పు ఆ పేరులోనే ఉంది: కడుపుతో ఉన్న మనిషి గ్రహణం వేళ కత్తి పట్టిందని. మా చెల్లెలు పట్టింది కూడా. నాచారంలో రెండో షిఫ్టుకు వెళ్లే మొగుడి టిఫిన్ డబ్బా కోసం వంకాయ కోసింది. అందుకే ఉగ్గు గిన్నెతో పిల్లకు పాలు పోస్తున్నప్పుడు ఎవరైనా వస్తే, పిల్ల మొహం మీదికి కొంగు లాగేది.

నా చదువు పదో తరగతితో ఆగింది. మిగిలినదంతా ఉప్పల్ లైబ్రరీ పెట్టిన భిక్ష. వారమంతా అక్కడ వైద్య పుస్తకాలు తిరగేసి, ఆదివారం ఉత్సాహంగా వాళ్లింటికి వెళ్లాను.

"గ్రహణం కాదు అత్తమ్మా, జీన్లు" అన్నాను చెల్లెలి అత్తగారితో. "సగం తల్లి దిక్కు నుంచి, సగం తండ్రి దిక్కు నుంచి వస్తయి."

అంతే, అంటుకుంది.

"మా దిక్కు ఏడు తరాల్ల గిట్లాంటి మూతి లేదు. మీ దిక్కుదే!"

"మా దిక్కు కూడా లేదు."

"మరి ఆకాశం నుంచి ఊడిపడ్డదా?"

నేను జవాబు చదువుకుని వచ్చింది సరిగ్గా ఆ ప్రశ్నకే. "పాలు మంచియే, నిమ్మకాయ మంచిదే. రెండూ కలిస్తేనే విరుగుతయి. రెండు దిక్కుల్ల ఊకె పడి ఉన్న జీన్లు ఒక్క పిల్లల కలిస్తే, పెదవి అతుక్కోకుండ ఉండే ప్రమాదం పెరుగుతది. కలిసినా ఒక్కోసారి ఏం కాదు. వేరే కారణాలు గూడ ఉంటయి. అన్నీ డాక్టర్లకు గూడ తెల్వవు."

"అయితే నిమ్మకాయ మీరే!" అంది ఆవిడ తడుముకోకుండా.

చెల్లెలు ఫక్కున నవ్వింది. పిల్ల పుట్టాక ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వు ఆగాక మెల్లగా అడిగింది: "అన్నా, కడుపుల పిల్లకు పెదవి ఎన్నో నెలల అతుక్కుంటది?"

"రెండో నెలల. అంగిలైతే మూడో నెలల."

"నేను వంకాయ కోసింది ఏడో నెలల." ఆ మాట అత్తగారికి చెప్పినట్టు లేదు, తనకు తాను చెప్పుకున్నట్టుంది. ఆవిడ మాత్రం విన్నది. పిల్లను తన ఒళ్లోకి తీసుకుంది.

పెదవి ఆపరేషన్‌కు దవాఖానాకు వెళ్లిన రోజు, బస్సులో పక్క సీటామె పిల్లను చూసి బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో, గ్రహణం నాడు తల్లి బయటికొచ్చిందా?"

అత్తగారు ఆమె వైపు పూర్తిగా తిరిగింది. "నా కోడలు ఏ తప్పు చెయ్యలే. రెండిండ్ల జీన్లు కలిసినయి, గంతే. జర జరుగు, పిల్లకు గాలి తగలనియ్యి."