ఏడుగురు పైడితల్లులు, ఒకే ఫైలు

2022 వేసవి. గజపతినగరం మెయిన్ రోడ్డులో మందుల షాపు మేడ మీద మా కంప్యూటర్ సెంటర్. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళంతా డిగ్రీ పిల్లలే. ఆ వేసవిలో మాత్రం యాభై దాటిన ఒకావిడ మెడలో టేపుతో మెట్లెక్కి వచ్చింది. పేరు గౌరమ్మ. ఎదురు సందులో జాకెట్లూ, అప్పుడప్పుడు లాల్చీలూ కుట్టే టైలరు, చదివింది పదో తరగతి.

"కొలతల పుస్తకం ఎలకలు కొట్టీసినాయి మాస్టారూ. మా తమ్ముడు పాత కంప్యూటరొకటి ఇచ్చినాడు. అందులో ఎక్కించుకుంటాను, నేర్పండి" అంది.

ఆ మెషిన్ విండోస్ బరువు మోయలేక చతికిలబడి ఉంది. దాని మీద లైనక్స్ వేశాను. యూనిక్స్ పద్ధతిలో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ అది, డబ్బు కట్టక్కర్లేదు, పాత మెషిన్ మీద కూడా చురుగ్గా నడుస్తుంది. అందులో టెర్మినల్ అని నల్లటి తెర ఉంటుంది. బొమ్మల మీద నొక్కడానికి బదులు మనకు కావలసిన పనిని చిన్న మాటలో టైపు చేయాలి. ls కొడితే ఫోల్డర్లో ఏమేమున్నాయో చూపిస్తుంది. cat ఫైలు లోపల రాసింది చూపిస్తుంది. mv ఫైలును ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుస్తుంది.

మూడో రోజు ఆమె mv కొట్టి తెర వైపు అనుమానంగా చూసింది. "ఏటీ అననేదు మాస్టారూ. అయినట్టా, కానట్టా?"

"అయినట్టే. యూనిక్స్ తీరే అంత. పని సవ్యంగా జరిగితే నోరెత్తదు. తప్పు జరిగితేనే అరుస్తుంది."

"అయితే మా ఆయన కంటే నయిం. ఆయన పని సెయ్యకుండానే అరుస్తాడు."

క్లాసంతా గొల్లున నవ్వింది. తప్పు జరిగితేనే అరుస్తుందన్న నా మాటను అప్పటికే ఏళ్ళ తరబడి ప్రతి బ్యాచ్‌కీ గొప్పగా చెబుతూ వచ్చాను, అందులో ఒక మెలిక ఉందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

గౌరమ్మ చకచకా నేర్చుకుంది. ఊరికొక ఫోల్డరు, మనిషికొక ఫైలు. ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, లోపల ఛాతీ చుట్టుకొలత, భుజం, చేతి పొడవు, మెడ లోతు. బజారులో కొత్త బొటిక్ వచ్చాక ఆమె గిరాకీ సగానికి పడిపోయింది. అందుకే పట్టుబట్టి షాపు ముందు 'కంప్యూటర్ టైలర్' అని బోర్డు రాయించింది. చుట్టుపక్కల షాపులవాళ్ళు నవ్వుకున్నారు. ఆ బోర్డు చూసే ఒక పెళ్ళివారు ఇంటిల్లిపాది జాకెట్లూ ఆమెకే ఇచ్చారు.

గురువారం పెళ్ళి. సోమవారం ఉదయం గౌరమ్మ పెళ్ళికూతుర్ని వెంటబెట్టుకుని మా సెంటర్‌కి వచ్చింది. ఆ అమ్మాయి సంచిలోంచి పట్టు జాకెట్టు తీసి, వేసుకున్న డ్రెస్ పైనే తొడుక్కుంది. "సూడండి, ఇందులో నేనూ మా యమ్మా ఇద్దరం పడతాం" అని పకపకా నవ్వింది. గౌరమ్మ మాత్రం నవ్వలేదు.

"మిగతా గుడ్డలకి ఇంకా కత్తెర పెట్టనేదు మాస్టారూ. ఏ కొలత నమ్మి పెట్టమంటారు? ఈ పెళ్ళి చెడిందంటే ఆ బోర్డు పీకీడమే."

ఆమె షాపుకి వెళ్ళి ls కొట్టాను. ఊళ్ళ ఫోల్డర్లన్నీ ఖాళీ. 'కొలతలు' అని కొత్త ఫోల్డరు ఒక్కటే నిండుగా ఉంది.

"ఊరూరా ఎతుక్కోడం ఎందుకని బీరువాలో సర్దినట్టు అన్నీ ఒక్కదాన్లోకి తెచ్చీసినాను. ఊరికొక mv కొట్టినాను. ఒక్కసారీ అరవనేదు" అంది.

ఏం జరిగిందో నాకు అర్థమైంది. వెళ్ళిన చోట అదే పేరుతో ఫైలుంటే, mv దాన్ని తుడిచేసి కొత్తది పెడుతుంది. అడగదు, అరవదు. అసలే పైడితల్లమ్మవారి సీమ మాది, ఆడపిల్లలకి అమ్మవారి పేరే ఎక్కువ. ఏడు ఊళ్ళ ఫోల్డర్లలోనూ ఒక్కొక్క పైడితల్లి ఉంది, పెళ్ళికూతురు వాళ్ళలో ఒకతి. మిగిలింది చివరి ఊరావిడ ఒక్కతే, ఆవిడేమో మంచి భారీ మనిషి. పెళ్ళికూతురి జాకెట్టు కుట్టింది ఆవిడ కొలతకే.

"తప్పు మీది కాదు గౌరమ్మగారూ, నాది. ముందే చెప్పాల్సింది" అన్నాను. నాకు నిజంగా సిగ్గేసింది.

"సిగ్గు తరవాత పడుదురు గాని. ముందు ఎవులెవులు మిగిలినారో సూద్దాం."

నేను cat కొట్టి ఒక్కో ఫైలూ తెరుస్తుంటే ఆమె అంకెలు చూసి మనిషిని చెప్పేసేది. "ఎడం భుజం అరంగుళం తక్కువ. ఇది బోరింగు కాడ అప్పలనర్సమ్మ, నీళ్ళ బిందె ఆ పక్కే మోస్తాది." అలా మిగిలినవాళ్ళెవరో తేలింది. కొలతలు పోయినవాళ్ళ పేర్లు ఆమె గుర్తు చేసుకుని చెబుతుంటే నేను జాబితా రాశాను. ముందు పెళ్ళివారి ఇంటికి, తర్వాత మిగతావాళ్ళకి ఆమె వరసగా ఫోన్లు చేసి ఒకటే మాట చెప్పింది: "ఆది జాకెట్టు పంపండి." కొలతకని టైలరుకిచ్చే పాత జాకెట్టు అది. బ్యాకప్ అంటే అసలు పోతే పనికొచ్చే నకలు అని నేను క్లాసులో గంటసేపు చెబుతాను. ఇక్కడ ప్రతి ఇంటి బీరువాలోనూ ఒకటి మడతపెట్టి ఉంది. మంగళవారం మధ్యాహ్నానికి ఆటోల్లో సంచులు దిగాయి. పెళ్ళికూతురి జాకెట్టు వదులైంది కాబట్టి కుట్లు లోపలికి పట్టేసింది, బిగుతైతే పట్టుగుడ్డ పోయేదే. బుధవారం సాయంత్రానికి పెళ్ళివారి జాకెట్లన్నీ వెళ్ళిపోయాయి. బోర్డు నిలబడింది.

ఆ పెళ్ళి అయ్యాక ఆమెకు mv -i నేర్పాను. అలా కొడితే, ఉన్న ఫైలును తుడిచే ముందు తుడవమంటావా అని అడుగుతుంది. y అంటే తుడుస్తుంది, n అంటే ఆగుతుంది.

"మనకాడ పైడితల్లి వచ్చిందంటే ఏ ఇంటి పైడితల్లని అడగమా? దీనికీ అడగడం వస్తాదన్నమాట. మరి ముందే సెప్పరేటి?"

అరవలేదు కదా అని అంతా బాగున్నట్టు కాదని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ బ్యాచ్‌కైనా mv -i నేర్పాకే mv నేర్పుతున్నాను.

గౌరమ్మ ఫైళ్ళన్నిటికీ ముందు ఇంటిపేరు చేర్చుకుంది. దసరా ముందు నాకు లాల్చీ కుడతానని పిలిచి కొలతలు తీసుకుంది. మాస్టారు అని ఫైలు చేసి, కొలతల ఫోల్డర్లోకి mv -i కొట్టింది. తెర మీద ప్రశ్న వచ్చింది: ఆ పేరుతో ఇదివరకే ఒకటుంది, తుడవమంటావా? ఇంటిపేరు తెలియక ఉత్త మాస్టారు అనే ఉంచేసిన హైస్కూలు మాస్టారి లాల్చీ కొలత అది. ఆమె n నొక్కి, కళ్ళజోడు పైకి తోసుకుని నా వైపు తిరిగింది.

"ఇన్నాళ్ళయినాది, ఎప్పుడూ అడగనేదు. మీ ఇంటిపేరేటి మాస్టారూ?"

చెప్పాను. పక్కన నిలబడి ఒక్కో అక్షరం చూపిస్తుంటే, ఆమె నెమ్మదిగా టైపు చేసుకుంది.