జావ మాస్టారి మీద నేనిచ్చిన తీర్పు

పేపర్లో పేరు అచ్చుపడటం మొదలైన ఆ రోజుల్లో, ఎవరి మీదైనా తీర్పు చెప్పడానికి నాకు అరగంట చాలేది. (ఇప్పుడు నెలైనా చాలడం లేదు.) బస్తర్‌లోని ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో విలేకరిగా చేరిన కొత్తలో అలాంటి తీర్పొకటి కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ మీద ఇచ్చాను. తెలుగు సరిహద్దు ఊరు కొంటా నుంచి వచ్చిన మనిషి. ఆయన జట్టులో ఐదుగురూ ఆణిముత్యాలే. ఒకడు గోండీలో అరిస్తే ఇంకొకడు హల్బీలో బదులిచ్చేవాడు, బంతి మాత్రం అందరి మాటా వినేది. వరసగా గెలుస్తున్నారు. నేను వెళ్లిన సాయంత్రం, ఇనుప దుమ్ముకు ఎర్రబడ్డ కోర్టు పక్కన కోచ్ గారు గిన్నెలో రాగి జావ కలుపుతున్నారు. ఆట అయ్యాక, బాస్కెట్ వేసినవాడు తనకు బంతి అందించినవాడికి ఆకు దొప్పలో జావ పోసివ్వాలట, ఆ తర్వాతే తన వంతు. అది చూసి వచ్చి, ‘ఇలాంటి కుర్రాళ్లుంటే కరెంటు స్తంభాన్ని నిలబెట్టినా గెలుస్తారు, మాస్టారి పని జావ కాయడమే’ అని రాసేశాను.

కాలేజీ కమిటీ ఆ ముక్కను కత్తిరించి ఫైల్లో పెట్టింది. ఆయన కాంట్రాక్టు ఆ నెలాఖరుకే ముగుస్తోందని గనుల వర్క్‌షాపులో పనిచేసే మా మామయ్య చెప్పాక గానీ నాకు తెలియలేదు. భయపడుతూ వెళ్లాను. మాస్టారు కోప్పడలేదు.

“ఏంది బాబూ, స్తంభం చాలంటివి గద! ఆదివారం వర్క్‌షాపోళ్లతోని మ్యాచ్ ఉన్నది. నువ్వే నిలబడరాదు?”

మీరు నవ్వకండి, ఒప్పుకున్నాను. చేతిలో ఉన్న మూడు రోజుల్లో నేను చేసిన సంస్కరణలు రెండే. జావ తంతు వల్ల సమయం వృథా అని ఎత్తేసి, ఎవరి దొప్ప వాళ్లనే ముంచుకోమన్నాను. ఎవరెన్ని బాస్కెట్లు వేశారో బోర్డు మీద రాయించాను. ఆదివారానికి ఐదుగురూ ఐదు జట్లయ్యారు. చేతికొచ్చిన బంతిని వదిలినవాడు లేడు. అవతలి జట్టులో మా మామయ్య, బొజ్జతో పరుగెత్తలేక, వచ్చిన బంతినల్లా పక్కవాడికి అందిస్తూనే గెలిచేశాడు. పైగా మైదానమంతా వినబడేలా, “ఒరేయ్ అల్లుడూ, మీ స్తంభానికి కరెంటు రాలేదేంట్రా!” అన్నాడు.

కుర్రాళ్ల ముఖాలు చూడలేకపోయాను. జట్టు కెప్టెన్ మాత్రం నన్ను దాటుకుని మాస్టారి దగ్గరికి వెళ్లి, “సార్, రేపట్నుంచి జావ మీరే పెట్టిస్తరా?” అని అడిగాడు. ఆ ప్రశ్నతో సహా ఓటమి వార్త నేనే రాశాను, స్తంభం ఎవరో దాచకుండా. కమిటీ దాన్నీ కత్తిరించి ఫైల్లో పెట్టుకుని, ఆయన్ను ఇంకో ఏడాది ఉంచింది.

కృతజ్ఞతలు చెబుతారేమోనని వెళితే, మాస్టారు నా చేతిలో గరిటె పెట్టారు. “బాస్కెట్ నువ్వేసినవు, మంచిదే. అందించినోళ్లు ఆడ కూసున్నరు, పోయి జావ పొయ్యి.”

ఓడిపోయిన ఐదుగురికీ ఐదు దొప్పలు నింపి, అడుగున మిగిలింది నేను తాగాను.

ఆ రెండు వార్తలూ ఇప్పటికీ నా దగ్గరున్నాయి. మొదటిదాంట్లో వాక్యాలు బాగుంటాయి, రెండోదాంట్లో సంగతి ఉంటుంది. (నా పేరు మాత్రం రెండింట్లోనూ పెద్ద అక్షరాల్లోనే ఉంది. మాస్టారి పేరు రాయడం రెండుసార్లూ మరిచిపోయాను.)